థర్మామీటరమ్మ మొగుడి సెలవు చీటీ

నీళ్ల శాఖ ఆఫీసులో సెలవుల సీటు చూసే ఆవిడకి అందరూ పెట్టిన పేరు థర్మామీటరమ్మ. ముఖం చూసి జ్వరం ఎంతుందో చెప్పేస్తుందని కాదు, లేదని చెప్పేస్తుందని. ఆవిడ చెప్పే రూలు చిన్నపిల్లలకి కూడా అర్థమవుతుంది. ఒంట్లో బాగాలేదని రెండు రోజులు మానేస్తే నీ మాట చాలు. మూడో రోజూ రాకపోతే డాక్టరు సర్టిఫికెట్ కావాలి. మళ్లీ డ్యూటీలో చేరాలంటే, కోలుకున్నాడని ఇంకో కాయితం.

ఈ రూలుతో ఎంతమంది ఆట కట్టించిందో! మడమ బెణికిందని పది రోజులు సెలవు రాసిన మీటర్ రీడరు, ఆ సర్టిఫికెట్ ఇవ్వడానికి రెండంతస్తుల మెట్లు పరిగెత్తుకుంటూ ఎక్కొచ్చాడు. "ఏం నాయనా, మడమ కిందే వదిలేసి వచ్చావా?" అంది. దిగేటప్పుడు మాత్రం పాపం కుంటుతూనే దిగాడు.

అలాంటావిడ బల్ల మీదకి ఒక శుక్రవారం తపాలా సంచిలోంచి పంపుహౌసు ఆపరేటరు సెలవు చీటీ వచ్చి పడింది. సోమ, మంగళ, బుధ, మూడు రోజులూ ఒంట్లో బాగాలేదట. సర్టిఫికెట్ జత చెయ్యలేదు. ఆ ఆపరేటరు ఎవరో కాదు, సాక్షాత్తూ ఆవిడ మొగుడే.

ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఎక్కదూ మరి? ఆ మూడు రోజులూ మహానుభావుడు పొద్దున్నే కారేజీ పట్టుకుని డ్యూటీకని బయల్దేరాడు, సాయంత్రం ఖాళీ కారేజీతో తిరిగొచ్చాడు. జబ్బు మనిషి గిన్నె అడుగుదాకా ఊడ్చుకు తింటాడా? ఎక్కడ ఊరేగినట్టు?

"చూద్దాం, మొగుడికో రూలూ మాకో రూలూనా?" అన్నాడు పక్క సీటు గుమాస్తా. ఆ మీటర్ రీడరైతే పనిగట్టుకుని పైకొచ్చి నిలబడ్డాడు. ఇరవై రెండేళ్ల పరువు! ఆవిడ తటపటాయించలేదు. మూడు రోజుల్లో సర్టిఫికెట్ ఇవ్వకపోతే జీతం లేని సెలవుగా రాసేస్తామని సొంత మొగుడికి మెమో కొట్టి పంపింది.

ఇంట్లో ఈ మాట ఎత్తిందా అంటే, లేదు. అడిగితే తనే లోకువైపోతానని పంతం. గిన్నెలు మాత్రం ఠంగుఠంగుమనిపించింది. ఆయనా ఎప్పట్లాగే అన్నింటికీ ఊఁ కొట్టి, చెయ్యి కడుక్కుని లేచాడు. రెండేళ్లుగా అంతే, ఏం చెప్పినా ఊఁ. ఆ ఊఁకారాలకి ఆవిడ ప్రాణం ఎప్పుడో విసిగిపోయింది.

మంగళవారం తపాలాలో సర్టిఫికెట్ వచ్చింది. అలవాటుకొద్దీ ముందు తేదీ చూసింది, తర్వాత సంతకం, తర్వాత ముద్ర. అన్నీ సవ్యంగా ఉన్నాయి. ఆఖర్న జబ్బు దగ్గరికొచ్చింది. ఏళ్ల తరబడి పంపుల మోతలో పనిచేసి కుడి చెవి పూర్తిగా పోయిందనీ, ఎడమది సగమే పనిచేస్తోందనీ, మూడు రోజులు పరీక్షలు జరిగాయనీ, చెవి మిషను పెట్టుకుంటే డ్యూటీ చేసుకోవచ్చనీ రాసుంది.

భోజనం దగ్గర ఆవిడ కూర్చునేది ఎప్పుడూ ఆయన కుడి పక్కే. మోకాలి నొప్పీ, ఆఫీసు గొడవలూ, పుట్టింటి బెంగా, రెండేళ్లుగా చెప్పుకున్నదంతా ఆ చెవికే! దుఃఖం పొంగుకొచ్చింది.

"ఏమ్మా, దొంగ సర్టిఫికెటేనా?" అన్నాడు గుమాస్తా ఆశగా.

"నిజమైందే నాయనా," అని, సెలవు మంజూరు చేయవచ్చని రాసి సంతకం పెట్టింది.

సాయంత్రం ఆయన గుమ్మంలో అడుగుపెట్టగానే ఎదురుగా నిలబడి గట్టిగా అడిగింది. "ఇంత జరుగుతుంటే నాకు ఒక్క ముక్క చెప్పలేదేమండీ?"

"ఎలాగూ వినబడదని తెలిస్తే నాతో మాట్లాడ్డం మానేస్తావేమోనని భయమేసింది. జత చేస్తే నువ్వే చదువుతావని సర్టిఫికెట్ కూడా దాచా. నువ్వేమో మెమో పంపావ్."

"ఏమీ వినబడనప్పుడు ఇన్నాళ్లూ ఊఁ ఎలా కొట్టారు మరి?"

"నీ ముఖం చూస్తూ కొట్టా."

ఆవిడ ఏడ్చింది, మధ్యలో నవ్వింది, చివరికి కుర్చీ ఈడ్చుకొచ్చి ఆయన ఎడమ పక్కన వేసుకుని, పుట్టింటి సంగతి మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టింది.