పేజీ మూయనివ్వని మా వదిన

వదిన పోయిందని పలాస నుంచి అన్నయ్య ఫోన్ చేశాడు. గుండెపోటట. దొరికిన బస్సెక్కి పలాస వెళ్లాను.

వదిన పలాసలో కంప్యూటర్ పాఠాలు చెప్పేది. ఉద్దానంలో కిడ్నీ జబ్బు పరీక్షలు చేస్తున్న ఒక డాక్టరుగారికి, వివరాలు ఎక్కించడానికి జావాస్క్రిప్ట్‌లో ప్రోగ్రాం రాసిచ్చింది. టైపు చేయడం నా పని. ఊరు, ఊళ్లో ఇల్లు, ఇంట్లో మనిషి, ఆ మనిషి పరీక్షలు... అన్నీ బ్రౌజర్ మెమరీలో పేరుకునేవి. సేవ్ చేయాలంటే ఆ మొత్తాన్నీ ఒకే వరుస అక్షరాలుగా మార్చాలి. ఊళ్లు తక్కువున్నప్పుడు ఇబ్బంది తెలియలేదు.

ఊళ్లు పెరిగాక, కవిటిలో పెట్టిన పరీక్షల శిబిరంలో తెలిసింది. మధ్యాహ్నం సేవ్ నొక్కగానే తెర బిగుసుకుపోయింది. కరెంటు లేదు, లాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తోంది. రక్తం సీసాల మీద నంబర్లే ఉన్నాయి. ఏ నంబరు ఎవరిదో ఆ పేజీకే తెలుసు.

"మూసేసి మళ్లీ తెరవండమ్మా. అందర్నీ రేపు రమ్మందాం," అన్నారు డాక్టరుగారు.

వదిన నా చెయ్యి పట్టుకుంది. "పేజీ ముయ్యకు. లోపల అన్నీ ఉన్నాయి."

వరండాలో కూర్చున్న ముసలమ్మకి భయం వేసింది. "ఏటయ్యింది పాపా? మల్లీ సూదేత్తారేటి?"

"నేదమ్మా, ఎయ్యనివ్వను," అంది వదిన.

నడుస్తున్న ప్రోగ్రాంని ఆపమంటావా అని బ్రౌజర్ అడిగితే ఆపింది. బ్రౌజర్ పైనుండే అడ్రసు పట్టీలో చిన్న కోడ్ టైపు చేసింది. ముందే సేవ్ అయిన పాత ఊళ్లను వదిలేసి, ఆ రోజు ఎక్కించిన ఇళ్లను మాత్రం వీధి తరవాత వీధిగా అక్షరాల్లోకి మార్చి, నోట్‌ప్యాడ్‌లో అతికించి భద్రపరిచింది. బ్యాటరీ గుర్తు ఎర్రబడింది. ఆమె తరవాతి వీధి అతికించింది. చివరి వీధి సేవ్ అయిన కాసేపటికి తెర ఆరిపోయింది.

తరవాత ప్రోగ్రాం తిరగరాసింది. ఇప్పుడది కొత్తగా వివరాలు ఎక్కిన ఇళ్లనే అక్షరాల్లోకి మారుస్తుంది. కొన్ని అయ్యాక క్షణం ఆగి, బ్రౌజర్‌ని తన పని చేసుకోనిస్తుంది. వచ్చిన ప్రతి ముక్కనూ పొడుగాటి వరుసకి అతికిస్తూ పోకుండా, అన్నీ విడిగా ఉంచుకుని ఆఖర్న ఒక్కసారి కలుపుతుంది. "ఎంత పెద్దదైనా పరవాలేదు, ఒక్క గుక్కలో మింగమనకండి," అని తన దగ్గర పాఠాలు నేర్చుకునే పిల్లలకి చెప్పేది.

ఆ రోజు పరీక్షల్లోనే కొబ్బరి దింపే ఒకతనికి జబ్బు తొలిదశలో బయటపడింది. మందులు వాడుతూ ఇప్పటికీ చెట్లెక్కుతున్నాడు. కడసారి చూపుకి వచ్చినవాళ్లలో అతనూ ఉన్నాడు. ఆ రోజు సంగతంతా అతనికి చెప్పాను.

"మా పరీచ్చలు కాపాడింది ఆ యమ్మేనా! ఇన్నాల్లూ సెప్పనేదేటమ్మా?" అంటూ తలగుడ్డ తీసి కళ్లు తుడుచుకున్నాడు.

వదిన అలాంటివి చెప్పుకునేది కాదు. నాకు మాత్రం, శిబిరాలన్నీ ముగిసిన సాయంత్రం గుర్తొస్తుంటుంది. అక్కుపల్లి దగ్గర సముద్రం ఒడ్డున ఆటో ఆపించింది. లాప్‌టాప్ సంచిని ఆటోలో వదలడానికి మనసొప్పలేదు. కుచ్చిళ్లు ఎగదోపి, సంచిని చేపల తట్టలా నెత్తిన పెట్టుకుని అలల్లోకి నడిచింది. మోకాళ్లదాకా నీళ్లు. ఒక చేత్తో సంచి పట్టుకుని, రెండో చెయ్యి ఊపుతూ, నవ్వుతూ నన్ను పిలుస్తోంది.