బాపు కుట్లు, గడప దగ్గర సబ్బు

మా బాపుకు పేగులోని క్యాన్సర్ గడ్డ తీసేశారు. బొడ్డు పైనుంచి కిందిదాకా కుట్లు పడ్డాయి. ఇంటికి పంపేటప్పుడు నర్సమ్మ కూతురినైన నన్ను పక్కకు పిలిచి చెప్పింది: "సబ్బుతోని చేతులు కడగకుంట కట్టు ముట్టొద్దు. ఊకె ఇప్పొద్దు. కోత కాడ చీము పట్టిందనుకో, కీమో ఎనుకకు పోతది. అది ఎనుకకు పోవద్దు బిడ్డా."

నేను గంభీరంగా తల ఊపాను. చదువుకున్నదాన్ని కదా.

మా ఊరు తరిగొప్పులలో మేము ఆటో దిగీ దిగకముందే చుట్టాలు దిగారు. మా దగ్గర పలకరింపు అంటే కుట్లు చూడడమే. చూపించకుండా పంపితే పెళ్ళికి పిలిచి అన్నం పెట్టనట్టు ముఖం మాడ్చుకుంటారు. ఎన్ని కుట్లో చెబితే నమ్మరు, వంగి లెక్కపెట్టుకుంటారు. పెద్దబాపు అయితే తన అంగీ పైకి లేపి, పాత ఆపరేషన్ మచ్చను బాపు కుట్ల పక్కన పెట్టి కొలిచాడు. తనదే పొడుగని తేల్చుకుని తృప్తిగా ఛాయ్ తాగాడు.

కొత్తగూడ నుంచి మేనత్త సీసా నిండా అడవి తేనె తెచ్చింది. "గిది పూస్తె మూడు దినాల్ల మానుతది. డాక్టర్లకేం ఎర్క?"

నాకు ఒళ్ళు మండింది. గడప దగ్గర బకెట్ నీళ్ళు, సబ్బు పెట్టి కాపలా కూర్చున్నాను.

"మేమేమన్న అంటురోగంతోని వచ్చినమా?" అని మేనత్త అలిగింది.

"ఎవ్వరు ముట్టొద్దు అత్తమ్మా. నేనే చూపిస్త" అన్నాను.

చూపించాను. వచ్చిన ప్రతి ఒక్కరికీ కట్టు కొస లేపి, చీము చుక్క లేదని గొప్పగా చూపించాను. భూపాలపల్లిలో బొగ్గుబావికి పోయే బావకు సెలవు దొరకలేదట, వీడియో కాల్ చేశాడు. ఒక చేత్తో ఫోన్ పట్టుకుని, ఇంకో చేత్తో కట్టు లేపాను. మా ఇంట్లో అంత శుభ్రం ఎవరూ పాటించలేదని నాకు లోలోపల గర్వంగా ఉండేది.

అయిదోనాడు బాపుకు జ్వరం వచ్చింది. కోత కింది కొస ఎర్రబడి చీము కారింది. మళ్ళీ దవాఖానకు పోయినప్పుడు నర్సమ్మ ముందు మేనత్త తేనె, పెద్దబాపు కొలతలు అన్నీ ఏకరువు పెట్టాను.

"వాళ్ళు ముట్టిండ్రా?" అని అడిగింది.

"లేదు. ఎవ్వర్ని ముట్టనియ్యలే."

"మరి కట్టు ఎవరు ఇప్పిండ్రు?"

మంచం మీది నుంచి బాపు మెల్లగా అన్నాడు: "మా బిడ్డనే. అందరికి సబ్బిచ్చింది. తను కడుక్కునుడు మర్సిపోయింది."

ఆయన నవ్వుతూనే అన్నాడు. నాకు మాత్రం అక్కడే భూమిలోకి కుంగిపోవాలనిపించింది. డాక్టరు కీమోను మూడు వారాలు వెనక్కి జరిపాడు. ఆ మూడు వారాలూ బాపు గోడ మీది క్యాలెండర్ వైపు చూసినప్పుడల్లా నేను లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని.