కుడికి లాగే ట్యాంకు

టైలరమ్మ నోట ఎప్పుడూ ఒకటే మాట. "సర్దేస్తాను." చొక్కా చంక దగ్గర పట్టేసినా, ప్యాంటు ఒక కాలు పొట్టిగా కనిపించినా, కోటు వెనక గూనిలా లేచినా, సర్దేస్తాను అనేది. మనుషుల ఒళ్ళు తిన్నగా ఉండదని ఆ వీధిలో ఆవిడకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఒకరికి భుజం దిగి ఉంటుంది, ఇంకొకరికి నడుము ఓ పక్కకి ఒరిగి ఉంటుంది. ఆ సంగతి మొహాన చెప్తే మూతి ముడుచుకుని ఇంకో దుకాణానికి పోతారు. అదే దిగిన భుజం కింద రెండు మడతల గుడ్డ పెట్టి కుట్టేస్తే, అద్దం ముందు నిలబడ్డవాడు తను పుట్టుకతోనే తిన్నగా ఉన్నానని మురిసిపోతాడు. ఈ విద్య ఆవిడకి వాళ్ళ మేనత్త నేర్పింది. నేర్పిందే తప్ప ఎక్కడ ఆపాలో చెప్పలేదు, మహాతల్లి.

ఆవిడ మొగుడు బస్సు డ్రైవరు. ఒక పొద్దున డిపోలో బండి వెనక్కి తీస్తుంటే కుడి చెయ్యి మాట వినడం మానేసింది. అదృష్టం బాగుండి అప్పటికి బస్సులో ఎవరూ ఎక్కలేదు, బండి గోడని రాసుకుని ఆగిపోయింది. పక్షవాతమే గానీ చిన్నది అన్నారు డాక్టర్లు. వంకరపోయిన మూతి సరయింది, కాలు దారికొచ్చింది, చెయ్యి మాత్రం సగం దారిలో మొండికేసింది. చెయ్యి బాగయ్యాక పరీక్షకి రమ్మనీ, నెగ్గితే మళ్ళీ బండి ఇస్తామనీ డిపోవాళ్ళు చెప్పి పంపించారు. అప్పట్నుంచి ఆ మనిషికి ఇంకో ఊసు లేదు. ముందు గదిలో పెళ్ళాం మిషను కుడుతుంటే వెనక గదిలో కాలు కాలిన పిల్లిలా తిరిగేవాడు. వీధిలో బస్సు చప్పుడైతే చాలు, కిటికీ దగ్గరికొచ్చి "క్లచ్చి తొక్కి చంపుతున్నాడు వెధవ" అని తిట్టేవాడు. తిట్టి, అది మలుపు తిరిగేదాకా దానివైపే చూస్తూ నిలబడేవాడు.

వేళ్ళకి పని పెట్టమంది వ్యాయామాలు చేయించే అమ్మాయి. రబ్బరు బంతి ఇస్తే బల్ల కిందకి విసిరికొట్టాడు. అప్పుడు టైలరమ్మ అన్నయ్య పాత సామాన్ల దుకాణంలో దొరికిందని ఒక రిమోటు ట్యాంకు పట్టుకొచ్చాడు. చెప్పుల పెట్టంత ఉంది. పైన తిరిగే గొట్టం, రెండు పక్కలా చక్రాల మీద పట్టాలు. రిమోటు మీద రెండు పుల్లలు. ఎడమ బొటనవేలితో తోస్తే ఎడమ పట్టా తిరుగుతుంది, కుడి బొటనవేలితో తోస్తే కుడి పట్టా. రెండూ సమానంగా తోస్తే ట్యాంకు తిన్నగా పోవాలి. పోవాలి గానీ, అది అసలు కదిలితే కదా.

"మీ అన్నయ్య బండి కొన్నాడా, శవాన్ని కొన్నాడా?" అన్నాడు డ్రైవరు.

"ఉండండి, చూస్తాను," అంది టైలరమ్మ.

ఆవిడ జన్మలో బొమ్మ విప్పింది లేదు. కానీ కుట్టు మిషను విప్పని వారం లేదు. ట్యాంకుని తిరగేసి, మూత మరలు తీసి చూస్తే బ్యాటరీ పెట్టే చోట స్ప్రింగులకి పచ్చటి చిలుం పట్టి ఉంది. చాకు మొనతో గీకి గుడ్డతో తుడిచింది. ట్యాంకు గుర్రుమని లేచి రెండడుగులు వేసి మళ్ళీ ఆగింది. ఈసారి కుడి చక్రం ఇరుసుకి దారం చుట్టుకుని ఉంది, ఆవిడ దుకాణం దారమే. "నీ దుకాణం దారానికి నా బండే దొరికిందా?" అని నవ్వాడాయన. ఆ నవ్వు వినేసరికి ఆవిడ ప్రాణం లేచొచ్చింది. ఇంట్లో అది వినపడి ఎన్నాళ్ళయిందో.

దారం తీశాక నడిచింది. నడిచింది గానీ తిన్నగా కాదు. కాస్త దూరం పోగానే కుడికి తిరిగి గోడకి గుద్దుకునేది.

"బండి కుడికి లాగుతోంది," అన్నాడు డ్రైవరు.

డ్రైవర్ల భాషలో అది బండికొచ్చే జబ్బు. స్టీరింగు తిన్నగా పట్టుకున్నా బండి ఓ పక్కకి పోతుంటే లాగుతోంది అంటారు, షెడ్డుకి పంపిస్తారు, డ్రైవరు తప్పు ఏమీ ఉండదు. ఆ మాట అనేటప్పుడు ఆయన మొహంలో పాత డ్రైవరు కనిపించాడు. టైలరమ్మ మరలు తిప్పే చువ్వ అందుకుంది.

ముందు కుడి పట్టా బిగించింది. లాగుతూనే ఉంది. లోపల ప్లాస్టిక్ పళ్ళచక్రాలు అరిగాయని ఇనపవి తెప్పించి వేసింది. చప్పుడు తగ్గింది, లాగడం తగ్గలేదు. ఆఖరికి రెండు మోటార్లనీ ఇటుది అటు, అటుది ఇటు మార్చేసింది. మిషను దారం తెంపుతుంటే కండె మార్చి చూస్తారు, దోషం కండెతోపాటు పోతే అది కండెదే. ఆ లెక్కన కుడి మోటారుదే తప్పయితే ట్యాంకు ఇప్పుడు ఎడమకి లాగాలి. మార్చి ఆయన చేతికిచ్చింది. అది బుద్ధిగా మళ్ళీ కుడికే పోయి మిషను కాలికి గుద్దుకుంది. తల ప్రాణం తోకకొచ్చింది ఆవిడకి.

ట్యాంకుని సంచిలో వేసుకుని సందు చివర రేడియోలు బాగుచేసే అతని దగ్గరికి వెళ్ళింది. తను చేసినవన్నీ ఏకరువు పెట్టింది. అతను వింటూ టీ ఊదుకుంటూ అడిగాడు.

"ఎవరు నడిపినా కుడికే పోతోందా అక్కా?"

"నడిపేది మా ఆయనే కదా తమ్ముడూ. బొమ్మ ఆయనది."

"మీరు నడిపి చూళ్ళేదా?"

చూడలేదు. ఇన్నాళ్ళూ విప్పిందీ బిగించిందీ ఆవిడ, పరీక్షకి నడిపింది ఆయన. కొత్తగా పనిలో దిగినవాళ్ళు చేసే పొరపాటే అది. ఆవిడ ట్యాంకుని నేల మీద పెట్టి రెండు పుల్లలూ తోసింది. అది గీత గీసినట్టు తిన్నగా పోయి అతని బల్ల కాలి దగ్గర ఆగింది. ఇంకోసారి తోసింది. ఇంకోసారీ తిన్నగానే పోయింది. బండికి ఏ జబ్బూ లేదు. తోసేవాడి కుడి బొటనవేలికి బలం లేదు.

అప్పుడైనా ఇంటికి పోయి ఆ మాట చెప్తే సరిపోయేది. కానీ చెయ్యి ఆవిడదైతే బుద్ధి మేనత్తది. కొత్త రకం రిమోటు ఒకటుందని, దాని వెనక చిన్న నాబులుంటాయని, ఏ పట్టా ఎక్కువ ఉరుకుతుంటే దాని జోరు తగ్గించుకోవచ్చని అతను మాటవరసకి అన్నాడు. "నాకు అదే పెట్టు," అంది టైలరమ్మ.

ఇంటికొచ్చి, ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు, ఎడమ నాబు ఇంత తిప్పింది. నేల మీద కుట్టు సుద్దతో రెండు గీతలు గీసింది. ఆయన తల తుడుచుకుంటూ వచ్చి పుల్లలు తోశాడు. ట్యాంకు ఆ గీతల మధ్యన పట్టాలెక్కిన రైల్లా పోయింది.

"ఏం చేశావు?"

"సర్దేశాను."

ఆయన దాన్ని ఆ చివరిదాకా పోనిచ్చి, తిప్పి, ఈ చివరికి తెచ్చాడు. ఆ రోజంతా అన్నం ధ్యాస కూడా లేకుండా నడిపాడు. కొన్నాళ్ళకి అది మళ్ళీ కుడికి లాగింది. టైలరమ్మ ఏమీ ఎరగనట్టు నాబు ఇంకాస్త తిప్పింది. నాబు ఇంకా తిప్పాల్సి వస్తోందంటే చెయ్యి బాగవడం లేదనేగా. తెలిసీ నోరు మెదపలేదు. మొగుడి నవ్వుకి మొహం వాచిన మనిషి, ఏం చేస్తుంది పాపం. పాపం అంటున్నాను గానీ, నాకు ఆవిడ మీద కోపంగానే ఉంది.

ఒక సాయంత్రం ఆయన ఫోను పట్టుకుని ముందు గదిలోకి వచ్చాడు.

"డిపోకి చెప్పేశాను. రేపు పొద్దున్నే పరీక్ష. యూనిఫాం వదులైంది, కాస్త బిగించి పెట్టు."

"ఇంకొన్నాళ్ళు ఆగితే ఏం?" అంది ఆవిడ నీళ్ళు నములుతూ.

"ఎందుకాగడం? గీత దాటకుండా నడుపుతున్నానా లేదా? నువ్వే చూస్తున్నావుగా."

చూస్తోంది. ఆవిడ ఖాకీ చొక్కా ముందేసుకుని కూర్చుంది. పరీక్షలో ఏముంటుంది, చెయ్యి పట్టుకుని నొక్కమంటారు. పళ్ళ బిగువున ఆ కాసేపు నొక్కేస్తాడు, మొండిఘటం. తర్వాత బస్సు నిండా జనం. నిలబడే జనం, ఒళ్ళో పిల్లల్ని కూర్చోబెట్టుకునే జనం, ఆవిడ కుట్టిన బట్టలు వేసుకుని ఎక్కే జనం. బస్సుకి వెనక నాబు ఉండదు. అట్లా అనుకుంటూనే చొక్కా నడుము బిగించింది, చేతులు బిగించింది. ఏం కుట్టిందో ఆవిడకే సరిగ్గా తెలియదు.

పొద్దున ఆయన చొక్కా వేసుకుని అద్దం ముందు నిలబడ్డాడు. భుజాలు రెండూ సమంగా, ఠీవిగా ఉన్నాయి. టైలరమ్మ వెనక నుంచి చూసి నిర్ఘాంతపోయింది. పక్షవాతానికి దిగిన కుడి భుజం కింద గుడ్డ మడత పెట్టి కుట్టేసింది తనే. చెయ్యి అలవాటు కొద్దీ కుట్టేసింది.

ఇక ఆగలేకపోయింది. వెనక గదిలోకి వెళ్ళి ట్యాంకు తెచ్చి గీతల మధ్య పెట్టింది. రిమోటు వెనక నాబుని మొదట ఉన్న చోటికి తిప్పేసి ఆయన చేతిలో పెట్టింది.

"ఒకసారి నడపండి."

"ఇప్పుడా? బస్సు పోతుందే."

"నా మాట వినండి, ఒక్కసారి."

ఆయన రెండు బొటనవేళ్ళతోనూ తోశాడు. ట్యాంకు సగం దూరం కూడా పోకుండా సుద్ద గీత తొక్కి కుడికి తిరిగింది. తెచ్చి మళ్ళీ పెట్టాడు. మళ్ళీ తిరిగింది. మూడోసారి వేలి గోరు తెల్లబడేలా నొక్కాడు. అది పోయి మిషను కాలికి గుద్దుకుని, అక్కడే పట్టాలు ఆడిస్తూ నిలబడింది. ఆయన రిమోటు తిరగేసి నాబు చూశాడు.

"నువ్వు నడిపితే?"

"తిన్నగా పోతుంది."

"ఎప్పట్నుంచీ?"

"మొదట్నుంచీ అంతేనండీ. తప్పు బండిది కాదు. సర్దేశాను." చెప్తూ చెప్తూ ఆవిడ భోరుమంది.

ఆయన అద్దం వైపు తిరిగాడు. ఎడమ చేత్తో కుడి భుజం మెల్లగా తడుముకున్నాడు. గుడ్డ మడత వేళ్ళకి తగిలింది.

"ఇక్కడా?"

ఆవిడ తలూపింది. ఆయన గుండీలు విప్పుకుని, చొక్కా తీసి, ఆవిడ ఒళ్ళో పెట్టాడు.

"విప్పెయ్యి."

ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ కత్తెర మొనతో ఒక్కో కుట్టూ తెంపుతోంది. ఆయన బనీనుతో కూర్చుని, ఎడమ చేత్తోనే ఫోను నొక్కాడు.

"ఇవాళ రావట్లేదండీ. ఇంకా కుడికి లాగుతోంది."

అవతల డిపో మేనేజరుకి అర్థం కాలేదు. "ఏ బండి లాగుతోందయ్యా? నీకింకా బండే ఇవ్వలేదుగా," అనడం ఆవిడకీ వినపడింది.

"బండి కాదండీ," అన్నాడు డ్రైవరు. "నేనే."