రాజేశం గౌడ్‌కు పడని కల్లు

2022లో, శివరాత్రి వెళ్లి ఎండలు ముదురుతున్న రోజుల్లో, నేను కోరుట్లలో ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. నా డ్యూటీ క్యాజువాలిటీలో, అంటే ప్రాణం మీదికి వచ్చిన వాళ్లను ముందుగా తీసుకొచ్చే గదిలో. ఆ గదికి పడమటి వైపు పెద్ద కిటికీ ఉండేది. మధ్యాహ్నం దాటితే ఎండ పల్చటి పసుపు తెరలాగా మంచాల మీదికి దిగేది. రోగులు తగ్గిపోయి, ఫ్యాను చప్పుడు తప్ప మరేమీ వినబడని ఆ వేళ, మెలకువగా ఉండి కూడా ఏదో కలలో తిరుగుతున్నట్టుండేది.

రాజేశం గౌడ్‌ను అలాంటి వేళలోనే తీసుకొచ్చారు. రుద్రంగి దగ్గరి పల్లె అతనిది. తాళ్లు, అంటే తాటి చెట్లు, ఎక్కి కల్లు గీసే మనిషి, వయసు యాభైకి దగ్గర. భార్య లచ్చవ్వ, ఆటో డ్రైవరు చెరో రెక్కా పట్టుకుని లోపలికి నడిపించారు. ముఖం గుర్తుపట్టలేనంతగా ఉబ్బింది. కళ్లు గీతల్లా మూసుకుపోయాయి. ఒంటి నిండా ఎర్రటి దద్దుర్లు. ఊపిరి తీస్తే ఈల వేసినట్టు చప్పుడు. బీపీ చూస్తే చాలా కిందికి పడిపోయి ఉంది.

డాక్టరు గారు చూస్తూనే ఎనఫిలాక్సిస్ అన్నారు. పడనిదేదో లోపలికి పోయినప్పుడు ఒళ్లు ఒక్కసారిగా తిరగబడే అలర్జీ అది. గొంతు వాచి, బీపీ పడిపోయి, చూస్తుండగానే మనిషి చేజారిపోవచ్చు. తొడకు అడ్రినలిన్ ఇంజక్షన్ ఇచ్చాను. ఆక్సిజన్ పెట్టి, కాళ్ల కింద దిండ్లు సర్ది, సెలైన్ ఎక్కించాం. కాసేపటికి ఈల తగ్గింది. ఉబ్బిన రెప్పల మధ్య నుంచి రెండు కళ్లు బయటపడ్డాయి.

"కొత్తది ఏమన్న తిన్నవా అన్నా?" అని అడిగాను.

"ఏం కొత్తది చెల్లె. పొద్దుగాల సద్ది, పగటికి పప్పు."

"చెట్టు మీద కందిరీగ గిట్ల కుట్టిందా?"

"లేదు."

"తాగింది ఏమన్న?"

"నీళ్లు."

మంచం పక్కన నిలబడ్డ లచ్చవ్వ కొంగు నోటి మీద నుంచి తీసింది. "నీళ్లేనా? కల్లు తాగలేదా?"

రాజేశం నిజంగానే ఆశ్చర్యపోయాడు. "కల్లు గూడ చెప్పాల్నా? పాలు మరిచిన కాడి నుంచి తాగుతున్న. గదేం జేస్తది నన్ను?"

డాక్టరు గారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. నెమ్మదిగా అడిగితే ఒక్కొక్కటే బయటికి వచ్చింది. ఏడాదిగా రెండు గుక్కలు దిగితే చాలు, ముఖం భగ్గుమంటోంది. ముక్కు మూసుకుపోతోంది. అరచేతులు దురద పెడుతున్నాయి. ఎండ వల్లనుకున్నాడు, దుమ్ము వల్లనుకున్నాడు. ఒక పెళ్లిలో బీరు తాగితే కూడా అట్లాగే అయింది. ఎవరికీ చెప్పలేదు.

"చిన్నప్పటి నుంచి పడ్డది, పెద్దయినంక పడకుండ పోవచ్చు" అన్నారు డాక్టరు గారు. "కల్లు పులిసే ఈస్టు పడతలేదో, చెట్టుకు కట్టిన లొట్టిల రాలిన పుప్పొడి పడతలేదో, ఆల్కహాలే పడతలేదో పరీక్షలు చేస్తే గని తెల్వదు. ఏదైనా సరే, ఇగ చుక్క ముట్టద్దు. బీరు, విస్కీ ఏదీ వద్దు."

"నీరా తాగచ్చా సారూ? పొద్దుగాల దించంగనే?"

"అది దించేలోపే పులుసుడు మొదలైతది. వద్దు."

రాజేశం కిటికీ వైపు ముఖం తిప్పుకున్నాడు. తర్వాత నన్ను మెల్లగా అడిగాడు. "ఎల్లమ్మ తల్లికి నా మీద కోపమొచ్చిందా చెల్లె?"

మాది ఉర్దూ మాట్లాడే ఇల్లు. గౌండ్లవాళ్లు కొలిచే ఎల్లమ్మ తరఫున జవాబు చెప్పే అధికారం నాకు లేదు. కానీ అతని గొంతులో ఉన్న భయం నాకు అర్థమైంది. "కోపమొస్తే వదిన నిన్ను గింత జల్ది ఇక్కడిదాక తెస్తదా అన్నా?" అన్నాను. లచ్చవ్వ ముక్కు చీదింది. అతను కొంచెం నవ్వాడు.

జగిత్యాలలో చర్మ డాక్టరు దగ్గరికి పంపాం. ఆయనా అదే మాట చెప్పాడు. పెద్ద పరీక్షలకు హైదరాబాదు పోవాలని, పోయినా పోకపోయినా మానేయడమే మందని అన్నాడు.

మానేయడం అంటే మామూలు తాగుబోతు మానేయడం లాంటిది కాదని అతను రెండోసారి వచ్చినప్పుడు మాకు తెలిసింది. వాళ్ల మండువలో, అంటే తాళ్ల కింద కల్లు పోసి అమ్మే చోట, ఒక పద్ధతి ఉంది. లొట్టి, అంటే కల్లు కుండ, విప్పగానే మొదటి గుక్క గీసినవాడే తాగాలి. మత్తు మందు కలిపిన కల్లు తాగి పడిపోయిన వాళ్ల కథలు మా వైపు అందరికీ తెలుసు. అందుకని గీసినవాడు తాగి చూపిస్తేనే మిగతా వాళ్లు తాటాకు దొప్ప చాపుతారు. రాజేశం కొన్ని వారాలు ఏదో సాకు చెప్పి తప్పించుకున్నాడు. ఒక పూట సిరిసిల్ల నుంచి వచ్చిన కొత్తవాళ్లు పట్టుకున్నారు. "నువ్వెందుకు తాగుతలేవ్? మందు గిట్ల కలిపినవా?" అన్నారు. ఊరివాళ్లు కూడా చేతుల్లోని దొప్పలు కింద పెట్టి అతని ముఖంలోకి చూశారట. తండ్రి కాలం నుంచి కల్తీ లేని కల్లు అని ఉన్న పేరు. ఒక్క గుక్కే కదా అని తాగాడు.

ఈసారి స్పృహ లేకుండా తెచ్చారు. ఒక అడ్రినలిన్ చాలలేదు. రెండోది ఇచ్చి, నెబ్యులైజర్ పెట్టి, వేళ్లు నాడి మీదే ఉంచి కూర్చున్నాను. అతని చెయ్యి చల్లగా ఉంది. తాటి చెట్టు బెరడులాగా గరుకుగా కూడా ఉంది. లచ్చవ్వ గోడకు ఆనుకుని, చప్పుడు లేకుండా పెదవులు కదుపుతూ ఏదో అనుకుంటోంది. కిటికీలోంచి ఎండ మంచం కాళ్ల దగ్గరి నుంచి అతని ఛాతీ దాకా పాకింది. అప్పుడు నాడి నా వేళ్ల కింద నిండుగా కొట్టడం మొదలైంది.

కళ్లు తెరిచి అతను అన్న మొదటి మాటలు నాకింకా గుర్తున్నాయి. "చెట్టు మీదున్న చెల్లె. నడుముకున్న మోకు ఇడిసిన, గని పడతలేను. గాలి పట్టుకున్నది నన్ను. ఆకులు గలగలమంటుంటే వాన పడుతుందనుకున్న. ఎక్కడ జూసినా తాళ్లే. అన్నీ నా దిక్కే చూస్తున్నయి."

పడుకోమన్నాను. కానీ అతనికి మాట్లాడాలని ఉంది. అతను మెలకువగా ఉండటం నాకూ కావాలి. అందుకని అడిగాను. "ఎట్లుంటది అన్నా కల్లు? మా ఇంట్ల ఎవరు ముట్టరు. నాకు తెల్వదు."

అతను కళ్లు మూసుకున్నాడు. "అన్నీ ఒక్క తీరుండయి. వాగు పక్క పెద్ద తాడిచెట్టున్నది. దానిది లేత ముంజ లెక్క. నాలిక మీద పెట్టంగనే జారిపోతది. బండ మీద మొలిసినదానిది ఒగరు, ముక్కుకెక్కుతది. పొలంగట్టు మీదిది పొద్దెక్కేదాక ఏం మాట్లాడదు, గప్పుడు తీపి జెప్తది. మా నాయిన ఒక్కొక్క చెట్టును నా నాలిక మీద పెట్టి నేర్పిండు." కళ్లు తెరిచాడు. "గా చెట్లన్నీ ఇప్పుడు నన్ను ఎల్లగొట్టినట్టున్నది."

అతని చెవి పక్కనుంచి కన్నీరు దిండు మీదికి జారింది. నేను తుడవలేదు. లచ్చవ్వ వచ్చి తన అరచేత్తో తుడిచింది. అప్పుడే అంది.

"మొదటి గుక్క నేను తాగుత."

"నువ్వా? నీకు గా వాసనే పడదు గదనే."

"వాసన పడకుంటే ముక్కు మూసుకుంట. నువ్వు పోతే నేనేం మూసుకోవాలె?"

పెళ్లయిన నాటి నుంచి ఆమె కల్లు పోసింది, అమ్మింది గానీ నోట పెట్టింది లేదని తర్వాత రాజేశం నాకు చెప్పాడు.

మరుసటి ఏడు చలికాలం చివరలో సిరిసిల్లలో మా అక్క ఇంటికి పోతూ, పొద్దున్నే వాళ్ల ఊరి దగ్గర బస్సు దిగాను. లచ్చవ్వ ఎన్నోసార్లు రమ్మంది. మంచు ఇంకా పూర్తిగా విడలేదు. తాళ్ల నల్లటి మొదళ్లు పాల లాంటి తెలుపులో నిలబడి ఉన్నాయి. పైన ఎక్కడో రాజేశం ఉన్నాడు. మనిషి కనబడలేదు, మోకు చెట్టుకు రాసుకుంటున్న చప్పుడు మాత్రం వినబడింది. ఆకులు కదిలితే నిజంగానే వాన మొదలైనట్టుంది. నేను తల ఎత్తి చూస్తూ ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలియదు.

దిగి వచ్చి లొట్లు లచ్చవ్వ ముందు పెట్టాడు. చేతులు కడుక్కుని దూరంగా గట్టు మీద కూర్చున్నాడు. మండువలో ఒక కొత్త ముఖం అడగనే అడిగింది. "గౌండ్లాయన తాగడా?"

"ఆయన తాగితే సస్తడు. నేను తాగుతున్న, సూస్కో" అని లచ్చవ్వ దొప్ప ఎత్తి గుక్క మింగింది. కొంగుతో మూతి తుడుచుకుంది. ఊరివాళ్లకు ఇది అలవాటైపోయినట్టుంది, దొప్పలు చాపుతూ నవ్వారు.

"ఎట్లుందే?" గట్టు మీది నుంచి రాజేశం అడిగాడు.

"ముందుగాల తియ్యగున్నది. మింగినంక గొంతుల సన్నగ గీరుతున్నది. ఎన్కనుంచి ముంజ వాసన."

అతను కళ్లు మూసుకున్నాడు. ఆ మాటల్ని నోట్లో తిప్పుకుంటున్నట్టుగా దవడ కొంచెం కదిలింది. "రెండు చెట్లది కలిసింది" అన్నాడు. "వాగు పక్కది, బండ మీదిది."

"ఔ, రెండు లొట్లు ఒక్కదాంట్ల ఒంపిన" అంది లచ్చవ్వ. అతని ముఖంలో మెరిసిన సంతోషం చూసి నేను వేరే వైపు తిరిగాను.

ఇన్నేళ్ల నర్సు పనిలో ఎంతోమందికి ఏదో ఒకటి మానేయమని చెప్పాను. ఆ కేసు తర్వాత రెండు మార్పులు వచ్చాయి నాలో. అలర్జీతో వచ్చిన వాళ్లను కొత్తగా ఏం తిన్నారని అడిగాక, రోజూ ఏం తీసుకుంటారని కూడా అడుగుతాను. ఒళ్లు ఏళ్ల తరబడి ఒప్పుకున్నదాన్ని కూడా ఒక రోజు కాదనవచ్చు. ఇక మానేయాలని చెప్పాల్సి వచ్చినప్పుడు, రోగితో వచ్చిన మనిషిని కూడా లోపలికి పిలుస్తాను. ఇంకో కుర్చీ వేయించి, ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి, అప్పుడు చెప్తాను.