ముందే చెప్పిన ఆకస్మిక తనిఖీ

కోయంబత్తూరులో పంపులు చేసే పెద్ద కంపెనీలో మోహన్‌రాజ్ ఉద్యోగి. సరుకు పోసిచ్చే చిన్న ఫౌండ్రీలకు వెళ్లి, కూలీల క్షేమం చూసి, ఎవరికి ఆర్డరు ఇవ్వొచ్చో తేల్చడం అతని పని. తనంత కఠినుడు జిల్లాలోనే లేడని అతని నమ్మకం. ఆ నమ్మకం అతనొక్కడిదే, పాపం.

ఈసారి ఆకస్మిక తనిఖీ బావమరిది వెంకటేశన్ ఫౌండ్రీకి పడింది. చుట్టరికం సంగతి ఆఫీసులో చెప్పాడు కూడా. "అయితే ఏం, మీరు నిప్పు కదా" అన్నారు వాళ్లు. నిప్పు ఉబ్బిపోయింది. అయితే వాళ్ల కుటుంబాల్లో చెప్పకుండా చుట్టాలింటికి పోవడమంత తప్పు మరొకటి లేదు. ఇంటామె వంట చేసుకోవద్దూ? అందుకని మన నిప్పు ముందురోజే ఫోన్ చేసి, రేపు ఆకస్మికంగా వస్తున్నాననీ, వంట ఎక్కువ పెట్టుకోవద్దనీ చెప్పేశాడు.

వెళ్లి చూస్తే ఏం ముచ్చట! నేల మీద అన్నం పెట్టుకుని తినొచ్చు. ఇనప పోతలు సానబట్టే ఆడవాళ్లందరికీ కొత్త కళ్లజోళ్లు. మోహన్‌రాజ్ మురిసిపోయి, ఫౌండ్రీ వెనకే ఉన్న వాళ్లింట్లో వడ పాయసాలతో భోంచేసి, అంతా సవ్యమని ఆఫీసుకు చెప్పేసి బస్సెక్కాడు. గాంధీపురంలో దిగి జేబు తడుముకుంటే ఫోన్ లేదు. చేతులు కడుక్కున్నచోట మరిచాడు. తన మతిమరుపును తిట్టుకుంటూ వెనక్కి వెళ్లాడు.

సానరాయి దగ్గర కూలీ తంగం కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని పని చేస్తోంది. నిప్పురవ్వలు రెప్పల దాకా ఎగురుతున్నాయి. ఒక్కటి పడితే కన్ను పోతుంది. కళ్లజోళ్లు ఏవని అడిగాడు. పక్క ఫౌండ్రీవట. పెళ్లికి గుండిగలు తెచ్చినట్టు తెచ్చి, ఇందాకే తిరిగి ఇచ్చేశారట.

"దినమూ ఫోన్ చేసేసి రాండి సార్," అంది తంగం, చెయ్యి ఆపకుండానే. "మీరొచ్చే దినమే కదా మా కండ్లకు కావలి."

సిగ్గుతో చచ్చిపోయాడు. ఫోన్ తెచ్చిచ్చిన వెంకటేశన్ ఎదుటే ఆఫీసుకు మాట్లాడి, ఇందాక చెప్పినదంతా రద్దు చేయమన్నాడు. అందరికీ సొంత కళ్లజోళ్లు వచ్చేదాకా ఆర్డరు ఇవ్వొద్దన్నాడు. మళ్లీ తనిఖీకి తోటి ఉద్యోగిని జెబమలర్‌ను పంపమనీ, ఏ రోజో తనకు మాత్రం చెప్పొద్దనీ బతిమాలాడు.

వెంకటేశన్ మొహం మాడిపోయింది. "మీకు గూడా తెలవగూడదా, బావా?"

"తెలిస్తే ఫోన్ చేసేస్తును కదరా."