చెవిలో చెప్పిన మొక్కు

2022, మామిడికాయల కాలం. హోసూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో నర్సుగా చేస్తున్నాను. మాది కడప వైపు. దేవుడి సంగతి ఎవరైనా ఎత్తితే, డ్యూటీతోనే తీరిక లేదని తప్పించుకునే మనిషిని.

వేప్పనపల్లి దగ్గర నుంచి నారాయణప్ప అనే రైతును తెచ్చారు. మామిడి తోటలో మందు కొడుతుంటే ఆ విషం ఒంటికెక్కి పడిపోయాడు. వెంటిలేటర్ పెట్టాం, అంటే గొంతులో గొట్టం వేసి మిషనుతో ఊపిరి ఆడించడం. సెడేషన్, అంటే మత్తు కూడా ఇచ్చాం. బతుకుతాడని డాక్టరు గట్టిగా చెప్పలేదు.

ఇన్ఫెక్షన్ భయంతో బంధువులను లోపలికి రానివ్వం. ఒక మధ్యాహ్నం ఆయన భార్య గౌరమ్మ తలుపు దగ్గర నా చెయ్యి పట్టుకుంది.

"సిస్టరమ్మా, మా మునీశ్వరునికి తలెంట్రుకలు ఇస్తామని ఆయన చెవిలో చెప్పాల. నన్ను ఆడికి ఇడిసిపెట్టరు. నువ్వు చెప్పు తల్లీ."

"మత్తులో ఉన్నాడమ్మా. వినపడదు."

"ఆయనకు వినపడకుంటే పోనీ. దేవునికి వినపడుతుంది."

లోపలికి వెళ్ళాను. సక్షన్ చేసి, అంటే గొట్టంలోని కఫం లాగేసి, ఆయన చెవి దగ్గరికి వంగాను. "మునీశ్వరా, ఈయన్ని బతికించు, తలనీలాలు ఇచ్చుకుంటాం" అన్నాను. పక్క బెడ్ నర్సు నవ్వింది. నాకు సిగ్గేసింది.

ఆయన బతికాడు. మందులు పనిచేశాయి, అంతే అనుకున్నాను.

నెల తర్వాత ఇద్దరూ చెకప్‌కు వచ్చారు. ఇద్దరి తలల మీదా జుట్టు అలాగే ఉంది. గౌరమ్మ మొహం వాడిపోయింది.

"పూజారప్ప ఒప్పుకోలేదమ్మా. ఎవరి నోటితో మొక్కినారని అడిగినాడు. ఉన్నది చెప్పినాను. మొక్కిన నోరే తీర్చాలంట. మాలో అట్లే."

మంచికి పోతే చెడు ఎదురవడమంటే ఇదేనని ఒళ్ళు మండింది. "నేను ఇవ్వకపోతే ఆయనకేమైనా అవుతుందా?" అన్నాను.

"నాకేం తెలుసునమ్మా? ఆ పొద్దు ఆయన పక్కన ఉండింది నువ్వు కదా."

"ఆయమ్మను ఇడిసిపెట్టు. మందుతోనే బతికినాను" అన్నాడు నారాయణప్ప. ఆ మాట నేలకేసి చూస్తూ అన్నాడు. భయపడుతున్నాడని తెలుస్తూనే ఉంది.

కొన్నాళ్ళు నాతో నేనే పోట్లాడాను. ఇస్తే నమ్మనిదాన్ని నమ్మినట్టు అబద్ధమాడినట్టు. ఇవ్వకపోతే, ఆ మనిషికి రేపు జ్వరమొచ్చినా నావల్లేనని వాళ్ళు అనుకుంటారు. నేనూ అనుకుంటానేమో. చివరికి సెలవు పెట్టి వాళ్ళ మునీశ్వరుని గుడికి వెళ్ళాను.

ఆడవాళ్ళకు మూడు కత్తెరలు చాలన్నాడు పూజారి. మొత్తం తీసేయమన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. గౌరమ్మ మాత్రం నన్ను పట్టుకుని ఏడ్చింది. ఏ దేవుడికిచ్చావని వార్డులో అడిగితే, నాకు పరిచయం లేని దేవుడికని చెప్పాను.

ఇప్పుడు జూనియర్లకు ఒకటే చెబుతాను: రోగి బంధువులు మొక్కమంటే ఊరికే తలూపకండి, మనకు నమ్మకం ఉందో లేదో మనకే సరిగ్గా తెలియదు. ఆ రోజు ఆయన చెవిలో ఆ మాటలు చెబుతూ నేను కళ్ళు మూసుకున్నాను. మూసుకోమని గౌరమ్మ చెప్పలేదు.