అన్నయ్యకి కొండ పడలేదు

మా ఎదురింటి అమ్మాయి వచ్చే నెలలో మంచు కొండలెక్కడానికి వెళ్తోందిట. నిన్న సాయంత్రం నోటు పుస్తకం, పెన్నూ పట్టుకుని మా వరండాలో కూర్చుంది. "ఆంటీ, మీరు వెళ్ళొచ్చారు కదా, ఏమేం పట్టుకెళ్ళాలో చెప్పండి, రాసుకుంటాను" అంది. బందరు మొత్తం మీద కొండల గురించి చెప్పడానికి నేనే దొరికానన్నమాట! బూట్లు నెల ముందే కొని ఇంట్లో తొడుక్కుని తిరగమన్నాను, లేకపోతే మడమలు బొబ్బలెక్కుతాయి. కాలిగోళ్ళు పొట్టిగా కత్తిరించుకోమన్నాను, దిగేటప్పుడు బూటు ముందుభాగానికి గుద్దుకుని నల్లబడిపోతాయి. వానకోటు, ఊలు మేజోళ్ళు, అన్నీ రాసుకుంది. అసలు చెప్పాల్సింది ఎలా చెప్పాలో తెలీక, "ఒంట్లో బాగోకపోతే దాచకమ్మా" అని ఊరుకున్నాను. వానకోటు కింద అది కూడా రాసుకుని వెళ్ళిపోయింది. నేను మాత్రం మూడేళ్ళు వెనక్కి వెళ్ళి అక్కడే కూర్చుండిపోయాను.

మాది నాగాయలంక దగ్గర సముద్రం మీద బతికే కుటుంబం. నేను నాలుగక్షరాలు నేర్చుకుని హిందీ టీచరునయ్యాను. ముప్పై ఏళ్ళు గుడివాడలోనూ బందరులోనూ పిల్లలకి లింగభేదాలు నూరిపోసి రిటైరయ్యాను. అన్నయ్య నలభై ఏళ్ళు వేటకి వెళ్ళాడు, చివరి పదిహేనేళ్ళూ బోటు నడిపే సరంగు. అరవై దాటాక బోటు వదిలేసి ఒడ్డున కూర్చున్నాడు కానీ, కూర్చోవడం ఆయనకి చేతకాదు. ఒకరోజు ఫోను చేసి, "నదులు సముద్రంలో కలిసే చోటే పుట్టి పెరిగానే. హిమాలయాల్లో నీళ్ళు పుట్టే చోటు ఒక్కసారి చూడాలి. నువ్వు రా, నాకు హిందీ రాదు" అన్నాడు. అక్కడ పుట్టేది మన కృష్ణ కాదు అన్నయ్యా, గంగ అన్నాను. "ఏ నీళ్ళయితే ఏంటే, చివరికి వచ్చేది మన సముద్రంలోకేగా" అన్నాడు. భూగోళం ప్రకారం ఆ మాట తప్పని చెప్పలేకపోయాను.

మా దివిసీమలో ఎత్తంటే కరకట్ట. అంతకు మించిన ఎత్తు మా కాళ్ళకి తెలీదు. అందుకని రెండు నెలలపాటు పొద్దున్నే ఆ కట్టే ఎక్కి దిగాం, మళ్ళీ ఎక్కాం, మళ్ళీ దిగాం. అవనిగడ్డ వెళ్ళే ఆటోలవాళ్ళు ఆపి, "ఏం పోగొట్టుకున్నారండీ, మేం కూడా వెతకమంటారా?" అని అడిగేవాళ్ళు. అన్నయ్య పాలకాయతిప్ప ఇసకలో కొత్త బూట్లేసుకుని నడిస్తే, వలలు బాగుచేసుకుంటున్న ఆయన పాత జట్టువాళ్ళు పడీపడీ నవ్వారు. అరవై రెండేళ్ళలో ఆయన కాళ్ళకి బూట్లు ఎక్కడం అదే మొదటిసారి మరి. బయలుదేరే రోజున వదిన నన్ను పక్కకి పిలిచి, "మీ అన్నయ్య బాగానే ఉన్నానంటే నమ్మొద్దు, నీ కళ్ళతో చూసుకో" అంది. నేను నవ్వేసి బస్సెక్కాను.

కొండ గురించి పెద్దగా చెప్పడానికి ఓపిక లేదు. అలసట గుర్తున్నంతగా అందం గుర్తులేదు నాకు. పది అడుగులు వేయడం, ఆగి రొప్పడం, తల పైకెత్తితే దారి ఇంకా అక్కడే ఉండటం. అదిగో ఆ మలుపే అంటారు, ఆ మలుపు తిరిగితే ఇంకో మలుపు. మోకాళ్ళు నావి కావనిపించింది. అన్నయ్య మాత్రం మొదటి రెండు రోజులూ కుర్రాడిలా ఎక్కాడు. మూడో రోజు మధ్యాహ్నం ఒక బండ చాటున వంగి వాంతి చేసుకోవడం నా కంటపడింది. ముఖం బూడిదరంగుకి తిరిగింది.

మా ఇళ్ళల్లో ఒక మాటుంది, సముద్రం పడలేదని. కొత్తగా వేటకి వచ్చినవాడు తల తిరిగి వాంతులు చేసుకుంటే అలా అంటారు. దానికి మందు లేదు. పని చేస్తూనే ఉండాలి, రెండు రోజులకి ఒళ్ళే సర్దుకుంటుంది. అన్నిటికంటే ముఖ్యం, వెనక్కి వెళ్దామన్న మాట నోట్లోంచి రాకూడదు. ఒక్కడి కడుపు కోసం బోటు తిప్పితే అందరి వేటా పోతుంది కదా. కాబట్టి మంచి వేటగాడు దాచుకుంటాడు. అన్నయ్య కూడా అదే చేశాడు. నేను కంగారుపడితే, "నలభై ఏళ్ళు ఇదే చూశానే. తాతకి దగ్గులు నేర్పకు. రేపటికి సర్దుకుంటుంది" అన్నాడు. నమ్మాను. నేనూ ఆ ఇంటి పిల్లనేగా. సముద్రం మీద మందు కొండ మీద విషమని, గాలి పల్చబడిన చోట ఒళ్ళు మొరాయిస్తే దిగడం తప్ప దారి లేదని, ఆ ఇంట్లో ఎవరికి తెలుసు?

మా గైడు యాభై ఏళ్ళ కొండమనిషి. సాయంత్రం గుడారాల దగ్గర ఒక్కొక్కరినీ వరసగా అడుగుతూ వచ్చాడు. "బాబూజీకో సిర్ దర్ద్ తో నహీ?" అన్నాడు నాతో. తలనొప్పేమైనా ఉందా అని. అన్నయ్య నా వైపు చూసిన చూపు నాకు తెలుసు. "నహీ జీ, బిల్కుల్ ఠీక్ హై" అన్నాను, ఏమీ లేదు, బాగానే ఉన్నాడని. ముప్పై ఏళ్ళు చెప్పుకుని బతికిన భాషలో నేనాడిన మొదటి అబద్ధం అదే.

మర్నాడు పొద్దున్న మాతో కొండెక్కుతున్న జట్టంతా పైన కనుమకి బయలుదేరుతోంది. అది దాటితే అన్నయ్య చూడాలనుకున్న మంచు, నీళ్ళు పుట్టే చోటు. నాలుగు గంటల నడక. అన్నయ్య రాయి మీద కూర్చుని బూటు తాడు కడుతున్నాడు. కడుతున్నాడు, ఊడిపోతోంది. మళ్ళీ రెండు కొసలూ పట్టుకుని వాటి వంక చూస్తున్నాడు. తుఫాను గాలిలో, కళ్ళు మూసుకుని వలతాళ్ళు ముడేసిన చేతులవి. వాటికి ముడెలా వేయాలో గుర్తు రావడం లేదు. అంత భయం నా జన్మలో ఎప్పుడూ పడలేదు. పరుగెత్తలేక, పాకినట్టుగా గైడు దగ్గరికి వెళ్ళి, నిన్నటి వాంతి దగ్గర్నుంచి ఇప్పటి తాడు దాకా అంతా చెప్పేశాను. నిన్న అబద్ధం చెప్పానని కూడా చెప్పాను. అతను వెంటనే జట్టుని సహాయకుడికి అప్పగించి, అన్నయ్య చంక కింద చెయ్యివేసి లేవదీశాడు. మొహం కొండ దిగువకి తిప్పాక గానీ అన్నయ్యకి సంగతి అర్థం కాలేదు.

"వాడికేం చెప్పావే?"

"నిజం చెప్పాను అన్నయ్యా."

"బోటు మీద ఈ పని చేసినవాణ్ణి సముద్రంలో తోసేసేవాళ్ళం" అన్నాడు. ఏడుస్తున్నాడు. నలభై ఏళ్ళు సముద్రం మీద గెలుచుకొచ్చినవాడు, నాలుగు గంటల దూరంలో నా మూలంగా ఓడిపోయానని ఏడుస్తున్నాడు. నేను వెనకే దిగాను. మధ్యాహ్నానికి చెట్లు మొదలైన చోటుకి వచ్చాం. అక్కడ ఒక బండ మీద కూలబడి, చాలాసేపటికి కళ్ళెత్తి, "ఆకలేస్తోందే, అన్నం దొరుకుతుందా?" అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ తర్వాత బెజవాడ స్టేషను వచ్చేదాకా నాతో మాట్లాడలేదు.

ఇప్పుడాయన బాగానే ఉన్నాడు. ఆ ప్రయాణం సంగతి ఎవరడిగినా, "ఎక్కేసేవాణ్ణేనండీ, మా చెల్లికి కాళ్ళనొప్పులొచ్చి దిగొచ్చేశాం" అంటాడు, నా ఎదురుగానే. నేను అవునంటాను. ఆయన చెప్పే కథలో మొదట్లో నాకు ఒక కాలే నొప్పి పెట్టింది. నిరుడు రెండూ పెట్టాయి. మొన్నటికి నన్ను ఆయనే కొంతదూరం మోసుకొచ్చాడు కూడా. ఏడాదికేడాది ఆ కొండ మీద నా పరిస్థితి ఇలా దిగజారిపోతోంది. దిగజారనీ, ఆ అబద్ధం చెప్పే గొంతు నా చెవిన పడుతున్నన్నాళ్ళూ, నాకు పోయేదేమీ లేదు.